వి-క్రాస్‌కి లెవెలింగ్ కిట్టా, సస్పెన్షన్ లిఫ్టా? ముందు బరువు వేసి కొలవండి

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం, ఎందుకంటే జవాబంతా నీ వాడకం మీదే ఉంది. బండి 2021 ఇసుజు వి-క్రాస్ పికప్, ఫోర్ బై ఫోర్. ఇల్లు చెన్నైలో, మడిపాక్కం. టైర్లు కంపెనీ ఇచ్చినవే, 255/60 ఆర్18. వెనక తొట్టి మీద క్యానపీ, అంటే గట్టి కప్పు, ఎప్పుడూ బిగించే ఉంటుంది. పదిహేను రోజులకోసారి గూడూరు దగ్గర నాన్నగారి నిమ్మతోటకి వెళ్తావు, తిరిగొచ్చేటప్పుడు నాలుగైదు బస్తాల కాయ వెనక వేసుకుంటావు. ముందు భాగం వంగినట్టు, వెనక ఎత్తినట్టు కనిపిస్తోందని నీ అసంతృప్తి. ఒక షాపులో ముందుకి మాత్రమే రెండంగుళాల లెవెలింగ్ కిట్ పద్నాలుగు వేలన్నారు. ఇంకో చోట నాలుగు చక్రాలకీ రెండంగుళాల సస్పెన్షన్ లిఫ్ట్ లక్షా నలభై వేలన్నారు. అంకె ఒకటే, ధర పదింతలు ఎందుకు, ఏది వేయించాలి, డిసెంబరు వరద నీళ్లలో ఏమైనా పనికొస్తుందా అని అడిగావు.

నేను మాధవరంలో ఇరవై రెండేళ్లుగా సస్పెన్షన్, అలైన్‌మెంట్ పనే చేస్తున్నాను. మాది నెల్లూరు దగ్గర కోవూరు, అందుకే గూడూరు అనగానే నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నా మాట ముందే చెప్పేస్తాను: నీకు లెవెలింగ్ కిట్ వద్దు. ఫుల్ లిఫ్ట్ కూడా ఈ నెలలోనే అవసరమా అన్నది నువ్వు టేపు పట్టుకుని కొలిచాక తేలుతుంది. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదువు.

వెనక ఎత్తుగా ఉండటం తయారీలో లోపం కాదు. పికప్ అంటేనే వెనక బరువు మోసే బండి. ఖాళీగా ఉన్నప్పుడు వెనక రెండు మూడు వేళ్లు ఎత్తుగా ఉంచుతారు, బరువు పడగానే కమాన్లు, అంటే వెనకున్న ఇనుప పట్టీల స్ప్రింగులు, దిగి బండి సమానంగా నిలబడాలని. నీ బండి తయారయ్యేది తడ పక్కనున్న శ్రీసిటీలో, పదిహేను రోజులకోసారి దాని పక్క నుంచే వెళ్తున్నావు. అక్కడి నుంచి బయటికొచ్చిన ప్రతి వి-క్రాస్ అలా వాలుగానే వస్తుంది. నువ్వు బండిని పక్క నుంచి చూసేది ఎప్పుడు? అపార్ట్‌మెంట్ కింద, ఖాళీగా ఉన్నప్పుడు. గూడూరులో కాయ ఎక్కించాక దిగి పక్కకెళ్లి ఒకసారి చూడు. నీకు కావలసిన ఆ సమానపు నిలకడ అప్పుడు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు ముందు భాగాన్ని మాత్రమే రెండంగుళాలు, అంటే 50 మిల్లీమీటర్లు లేపావనుకో. ఖాళీగా చూడటానికి బాగుంటుంది. బస్తాలు వేశాక వెనక 40 మిల్లీమీటర్లు దిగిందనుకుందాం. బండి ముక్కు ఆకాశానికి, తోక నేలకి. స్టీరింగ్ తేలికవుతుంది, వంద దాటితే చేతిలో పట్టు తగ్గినట్టు తెలుస్తుంది. అంతకన్నా పెద్ద విషయం హెడ్‌లైట్లు. వీటి గురించి షాపుల్లో మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి లెక్క కట్టి చూపిస్తాను.

నీ బండి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 3095 మిల్లీమీటర్లు. డిమ్ లైటుని మామూలుగా మీటరు దూరానికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కిందికి దిగేలా పెడతారు. ముందు 50 మిల్లీమీటర్లు లేస్తే లైటు మీటరుకి 1.6 సెంటీమీటర్లు పైకి తిరుగుతుంది. వెనక 40 దిగితే ఇంకో 1.3. రెండూ కలిపితే 2.9. కిందికి పెట్టిన ఆ ఒక్క సెంటీమీటరూ తీసేసినా మీటరుకి 1.9 సెంటీమీటర్లు పైకే పోతోంది. యాభై మీటర్ల దూరంలో నీ డిమ్ లైటు నీ బంపరు ఎత్తులో ఉండదు, లైటు ఉన్న ఎత్తుకి ఇంకా 95 సెంటీమీటర్లు పైన ఉంటుంది. రాత్రిపూట నాయుడుపేట, సూళ్లూరుపేట మధ్య ఎదురుగా కారులో వచ్చేవాడి కళ్లకి నువ్వు ఎప్పుడూ హై బీమ్ వేసినట్టే. డిప్ కొట్టమని వాడు లైటు ఆర్పి వెలిగిస్తూ ఉంటాడు, నువ్వేమో డిమ్‌లోనే ఉన్నానని అనుకుంటావు. డాష్‌బోర్డులో లైటు ఎత్తు మార్చే డయల్ ఉంటే కొంత సర్దుతుంది, అంతా సర్దదు. ముందు లేపితే లైట్లు మళ్లీ గోడకి కొట్టి సెట్ చేయించి తీరాలి. ఈ ఒక్క పని చేయకుండా బండి ఇచ్చేసే షాపు ఏదైనా సరే, మిగతా పని కూడా ఎలా చేసి ఉంటుందోనని నాకు అనుమానం వస్తుంది.

ఆ పద్నాలుగు వేలల్లో ఏముందో చూద్దాం. రెండు గుండ్రటి ముక్కలు, స్పేసర్లు అంటారు, అల్యూమినియమో, ఇనుమో, గట్టి ప్లాస్టిక్కో. ముందు స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన సెట్టు పైభాగానికీ ఛాసిస్‌కీ మధ్య పెట్టి పొడుగాటి బోల్టులతో బిగిస్తారు. అంతే. ఇక్కడ తెలుసుకోవలసింది ఒకటుంది. స్పేసర్ మందం, బండి లేచే ఎత్తు ఒకటి కాదు. స్ప్రింగు కింది కాలు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని పట్టి ఉంచే కింది చెయ్యి) చివర్న ఉండదు, మధ్యలో ఎక్కడో ఉంటుంది. అందుకే పైన పాతిక మిల్లీమీటర్ల ముక్క పెడితే చక్రం దగ్గర 40 నుంచి 50 దాకా తేడా వస్తుంది. రెండంగుళాల లిఫ్ట్ కావాలని రెండంగుళాల మందం ముక్క కొని తెచ్చి బిగించమన్నవాళ్లు నా దగ్గరికి చాలామందే వచ్చారు. అది బిగిస్తే ముందు నాలుగంగుళాల దాకా లేస్తుంది, ముందు చక్రాన్ని తిప్పే ఇరుసు, అదే సీవీ యాక్సిల్, బాగా ఏటవాలుగా వంగిపోతుంది. నీకు చెప్పిన షాపుని అడుగు: రెండంగుళాలు అంటే ముక్క మందమా, మడ్‌గార్డ్ దగ్గర ఎత్తా? జవాబు వెంటనే రాకపోతే అక్కడి నుంచి వచ్చేయ్.

పైన పెట్టే స్పేసర్‌తో షాక్ అబ్జార్బరు మారదు, దాని జాగా మారుతుంది. మొత్తం సెట్టు పాతిక మిల్లీమీటర్లు కిందికి జరిగినట్టు లెక్క. దాంతో రెండు వైపులా చిక్కు. గుంతలో చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఆర్మ్ కంపెనీ అనుకున్న దానికన్నా కిందికి పోతుంది, అప్పర్ ఆర్మ్ వెళ్లి స్ప్రింగుకి తగలవచ్చు, ఆర్మ్‌నీ చక్రాన్నీ కలిపే బాల్ జాయింటు తన హద్దు చివరికి చేరుతుంది. చక్రం గట్టిగా పైకి కొట్టినప్పుడేమో, ఆ దెబ్బ కాయాల్సిన రబ్బరు గుబ్బ కన్నా ముందే షాక్ అబ్జార్బరు అడుగంటుతుంది. లోపల పిస్టన్ కొట్టుకుంటుంది. ఒకసారి రెండుసార్లు ఏం కాదు, కాని మెట్రో పనులు జరుగుతున్న మన మడిపాక్కం, మేడవాక్కం రోడ్ల మీద అది రోజూ జరుగుతుంది.

ఇంకో రకం ముక్క స్ప్రింగు మీదే పెట్టేది, లోపలి స్పేసర్ అంటారు. ఇది స్ప్రింగుని ముందే కొంచెం నొక్కి ఉంచుతుంది. స్ప్రింగు గట్టిపడిందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు, స్ప్రింగు గట్టిదనం ఎంతో అంతే ఉంటుంది. బండి లేస్తుంది, కాని కిందికి వేలాడటానికి మిగిలిన జాగా తగ్గిపోతుంది. స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ ముందు నుంచి ‘టక్’ అని ఇనుము మీద ఇనుము తగిలినట్టు వినిపిస్తే అదే, షాక్ అబ్జార్బరు పూర్తిగా సాగి చివర తగులుతోంది. పైగా ఆ ముక్క పెట్టాలంటే స్ప్రింగుని కంప్రెసర్‌తో బిగించి పై నట్టు విప్పాలి. సరైన కంప్రెసర్ లేకుండా విప్పబోతే ఆ స్ప్రింగు మనిషిని చంపగలదు. దీన్ని నేను పెద్దది చేసి చెప్పడం లేదు. రోడ్డు పక్క షెడ్డులో చేయించకు, పక్కన నువ్వు నిలబడనే వద్దు.

2012లో నా సొంత పాత పికప్‌కి ఈ పనే నేను చేయించాను. అప్పటికి అలైన్‌మెంట్ బాగా తెలుసు, లిఫ్ట్ గురించి తెలియదు. ముందు స్పేసర్లు వేశాక బండి ఎంతో ముచ్చటగా కనిపించింది. తొమ్మిది నెలల తర్వాత ఒకరోజు టైరు మార్చడానికి కుడి చక్రం విప్పితే రిమ్ము లోపలంతా నల్లటి గ్రీజు, విసనకర్ర ఆకారంలో చిమ్మి ఉంది. వేలితో తీసి చూస్తే గరగరలాడింది, ఇసుక కలిసిపోయింది. సీవీ జాయింటు రబ్బరు బూటు మడతల దగ్గర చుట్టూ చీలిపోయి ఉంది. యాక్సిల్ ఎక్కువ వంపులో తిరుగుతూ ఉంటే బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుంటాయి, రాసుకుని రాసుకుని తెగుతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా పోనిస్తే టకటకమని శబ్దం వస్తోంది, అది చాలా రోజులుగా వస్తూనే ఉంది, బేరింగ్ అనుకుని వదిలేశాను. బూటు కొన్ని వందలకి దొరుకుతుంది. అది చిరిగిన రోజే చూసి ఉంటే అక్కడితో పోయేది. ఇసుక లోపలికి పోయాక యాక్సిలే మార్చాలి. అప్పటి నుంచి స్పేసర్ ఉన్న బండి ఏది వచ్చినా నేను మొదట వంగి చూసేది రిమ్ము లోపలి వైపే.

అలాగని లెవెలింగ్ కిట్ ఎవరికీ పనికిరాదని అనను. వెనక ఎప్పుడూ బరువు వేయనివాళ్లు, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద పాండిచ్చేరి దాకా వెళ్లొచ్చేవాళ్లు, చక్రం దగ్గర పాతిక ముప్ఫై మిల్లీమీటర్లు లేస్తే చాలనుకునేవాళ్లు మంచి ముక్క వేయించుకుని, అలైన్‌మెంటూ లైట్లూ సరిచేయించుకుంటే ఏళ్ల తరబడి నడుపుకోవచ్చు. నీ వాడకం అది కాదు. నీకు క్యానపీ బరువు వెనక నిత్యం ఉంది, పదిహేను రోజులకోసారి దాని మీద బస్తాలు.

ఇక లక్షా నలభై వేలది. ఓల్డ్ మ్యాన్ ఎమూ, ఐరన్‌మ్యాన్, టఫ్ డాగ్ లాంటి ఆస్ట్రేలియా బ్రాండ్ల సెట్లు ఇక్కడ దొరుకుతున్నాయి, నీకు చెప్పిన రేటు ఆ తరహా సెట్టుదే అయి ఉంటుంది. అందులో ముందుకి కొత్త స్ప్రింగులు, లిఫ్ట్‌కి తగ్గ పొడుగుతో నాలుగు షాక్ అబ్జార్బర్లు, వెనకకి కొత్త కమాన్ కట్టలు, కమాన్ చివరని ఛాసిస్‌కి కలిపే షాకిల్లు, రబ్బరు బుష్‌లు, కమాన్‌ని యాక్సిల్‌కి బిగించే యూ-బోల్టులు ఉండాలి. ఉండాలి అంటున్నాను, ఎందుకంటే కొందరు ముందుకి స్ప్రింగులు ఇచ్చి వెనకకి పాత కమాన్ కింద ఒక ఇనుప దిమ్మె పెట్టి దాన్నే ఫుల్ లిఫ్ట్ అంటారు. దిమ్మె పెడితే యాక్సిల్‌కీ కమాన్‌కీ మధ్య దూరం పెరుగుతుంది, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ మెలి తిరగాలని చూస్తుంది, కమాన్ ఎస్ ఆకారంలో వంగుతుంది. బిల్లులో ప్రతి వస్తువూ విడివిడిగా రాయించుకో. యూ-బోల్టులు కొత్తవే ఉండాలి, ఒకసారి బిగించి సాగినవి మళ్లీ వాడకూడదు. డబ్బు మిగులుతుందని పాత విడిభాగాలు అమ్మే పుదుప్పేటలో పాత కమాన్లు వెతకొద్దు. అవి ఎన్ని లక్షల సార్లు వంగి లేచాయో పైకి చూస్తే తెలియదు.

ఈ సెట్ల అసలు విలువ ఎత్తులో లేదు, బరువుకి తగ్గ స్ప్రింగుని ఎంచుకునే వీలులో ఉంది. వెనక కమాన్లు ఖాళీ బండికి, మధ్యస్థంగా నిత్యం బరువు ఉండే బండికి, భారీ బరువుకి అని వేర్వేరు రేటింగుల్లో వస్తాయి. ముందు స్ప్రింగులు కూడా మామూలు బంపరుకి వేరు, స్టీల్ బంపరూ వించీ ఉంటే వేరు. షాపువాళ్లు ‘గట్టిదే వేసేద్దాం సార్, బరువు బాగా లాగుతుంది’ అంటారు. ఒప్పుకోకు. భారీ కమాన్ మీద ఖాళీ బండి వెనక భాగం పంట కాలువ గట్టు మీద ఎగిరెగిరి పడుతుంది, వానలో వంపు తిరిగేటప్పుడు వెనక చక్రం నేలని సరిగ్గా పట్టదు. నెలలో ఇరవై ఎనిమిది రోజులు నీ బండి క్యానపీతో ఖాళీగానే తిరుగుతుంది. ఆ ఇరవై ఎనిమిది రోజుల బరువుకి స్ప్రింగు ఎంచుకోవాలి, రెండు రోజుల బరువుకి కాదు.

ఇంకో మాట. స్ప్రింగు గట్టిది వేసినంత మాత్రాన మోయడానికి అనుమతి ఉన్న బరువు పెరగదు. ఆర్‌సీలో మొత్తం బరువు అని ఒక అంకె ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు, మనుషులు, క్యానపీ తీసేస్తే మిగిలిందే నీ బస్తాలకి. ఇంటికెళ్లి ఆర్‌సీ తీసి చూడు.

బిగించే పని గురించి రెండు మూడు సంగతులు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మంచి సెట్టు కొని చెడ్డ చేత్తో బిగించిన బండ్లే నా షెడ్డుకి ఎక్కువ వస్తాయి. షాకిల్ బోల్టులు, ఆర్మ్ బోల్టులు జాకీ మీద వేలాడుతున్నప్పుడు చివరి బిగింపు ఇవ్వకూడదు. బండిని దించి, నాలుగు చక్రాల మీద బరువు పడ్డాక, ఒకసారి ముందుకీ వెనక్కీ నడిపి అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్ ఆ భంగిమలోనే పట్టుకుపోతుంది, దించగానే మెలి తిరుగుతుంది, అలా మెలి తిరిగే కొన్ని నెలల్లో చీలిపోతుంది. తర్వాత ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక యూ-బోల్టులు మళ్లీ బిగించాలి. నీకైతే అది గూడూరు ఒకసారి వెళ్లొచ్చి కొన్ని రోజులు ఊళ్లో తిరగడం, అంతే. మర్చిపోకు.

బ్రేకు గొట్టాలూ ఏబీఎస్ వైర్లూ చక్రం పూర్తిగా వేలాడినప్పుడు లాగినట్టు ఉంటున్నాయేమో చూడాలి. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్‌కి ఒక సన్నటి కడ్డీ ఉంటుంది, బండి వెనక ఎంత దిగిందో దాన్ని బట్టి బ్రేకు వాల్వు వెనక చక్రాలకి ఎంత ఒత్తిడి పంపాలో నిర్ణయిస్తుంది. వెనక రెండంగుళాలు లేపేస్తే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనే అనుకుంటుంది, నువ్వు బస్తాలు వేసినా సరే. వెనక బ్రేకు తక్కువ పడుతుంది. నీ బండి కింద ఆ కడ్డీ ఉంటే దాని బ్రాకెట్‌ని లేపిన ఎత్తుకి తగ్గట్టు జరపాలి. ఇది బిగించేవాణ్ని ముందే అడుగు. ఇంజను శక్తిని వెనక చక్రాలకి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉన్న బండ్లలో వెనక లేపాక ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు కింద నుంచి వణుకు వస్తే ఆ రెండు ముక్కల మధ్య ఉండే సెంటర్ బేరింగ్‌ని కొంచెం దించాలి, అలవాటైపోతుందిలే అని వదిలేయకూడదు.

అలైన్‌మెంట్ నా రోజువారీ పని కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. ముందు లేస్తే క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలడం), క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలడం), టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరగడం) మూడూ మారతాయి. రెండంగుళాల లోపు అయితే లోయర్ ఆర్మ్ దగ్గరున్న కంపెనీ సర్దుబాటు బోల్టులతోనే చాలావరకు తెచ్చుకోవచ్చు. అంతకు మించితే క్యాస్టర్ రాదు, అప్పుడు వేరే అప్పర్ ఆర్మ్‌లు వేయాలి, వాటికి మళ్లీ ఖర్చు. అందుకే నేను రెండంగుళాలు దాటవద్దంటాను, నీకైతే ఒకటిన్నర చాలు. పని అయ్యాక ముందూ తర్వాతా అంకెలున్న ప్రింటు అడిగి తీసుకో. స్టీరింగ్ నిటారుగా ఉంది కదా అని చూసి పంపేస్తే ఒప్పుకోవద్దు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి తోమి చూడు. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపం పళ్లలా గీసుకుంటే టో తప్పింది. టైరు అరిగిపోయాక కంటికి కనిపిస్తుంది, చేతికి చాలా ముందే తెలుస్తుంది.

నేల నుంచి ఎత్తు కావాలన్నది నీ కోరికలో ఉంటే ఒకటి తెలుసుకో. సస్పెన్షన్ లిఫ్ట్ బాడీని, ఛాసిస్‌ని లేపుతుంది. వెనక డిఫరెన్షియల్ గుండు, అంటే యాక్సిల్ మధ్యలో గేర్లుండే గుండ్రటి డబ్బా, యాక్సిల్‌తో పాటే ఉంటుంది, దాన్ని ఏ స్ప్రింగూ లేపలేదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే. నీ 255/60 ఆర్18 టైరు ఎత్తు 763 మిల్లీమీటర్లు. 17 అంగుళాల రిమ్ములు వేసి 265/70 టైరుకి వెళ్తే 803. తేడా 40, అందులో సగం, అంటే 20 మిల్లీమీటర్లు గుండు లేస్తుంది. తోట గట్టు మీద రాయి తగిలేది ఆ గుండుకే. కాని ఆ టైరుతో మీటరు 80 చూపిస్తే బండి నిజంగా 84లో పోతుంటుంది, బరువు ఎక్కువ కాబట్టి మైలేజీ పడుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఎక్కడైనా రాసుకుంటుందేమో చూడాలి. నీ టైర్లు ఎలాగూ నాలుగేళ్లు దాటాయి. అవి మార్చేటప్పుడు ఉన్న రిమ్ము మీదే కొంచెం మంచి ఏటీ టైరు, అంటే రోడ్డుకీ మట్టికీ పనికొచ్చేది, వేస్తే గూడూరు మట్టిదారిలో నీకు వచ్చే పట్టు ఏ లిఫ్ట్ ఇచ్చేదానికన్నా ఎక్కువ. అందుకే మొదటి ఖర్చు టైర్ల మీద పెట్టమంటాను.

నీళ్ల సంగతి. 2015 డిసెంబరూ, 2023లో మిచాంగ్ తుపానూ చూసినవాళ్లం, పల్లికరణై చిత్తడి పక్కన ఉండే నీకు ఆ భయం ఉండటం సహజం. రెండంగుళాల లిఫ్ట్ ఇంజను లోపలికి గాలి పోయే మార్గాన్ని రెండంగుళాలు పైకి తెస్తుంది, అంతే. వెనక యాక్సిల్, హబ్ బేరింగులు ఎక్కడున్నవి అక్కడే. కంపెనీ పుస్తకంలో రాసిన నీటి లోతుని మించి లిఫ్ట్ ఉంది కదా అని దిగకు. ఉపయోగపడే చిన్న పని ఒకటుంది. వెనక డిఫరెన్షియల్‌కి గాలి గొట్టం ఉంటుంది. వేడిగా తిరిగిన గుండు చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకుని బయటి నీళ్లని లాగుతుంది. ఆ గొట్టాన్ని పొడిగించి పైకి, టెయిల్ లైటు ఎత్తుకి తీసుకెళ్లి కట్టించు. నీళ్లలో నడిపాక గుండు ఆయిల్ కొంచెం తీసి చూడు, పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే వెంటనే మార్చేయ్. పారే నీళ్లలోకి మాత్రం మోకాలి లోతయినా దిగవద్దు తమ్ముడూ. ఎత్తు బండి కూడా తేలుతుంది.

చట్టం గురించి షాపులో ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పులకి 182ఏ సెక్షన్ కింద మార్పుకి 5000 రూపాయల చొప్పున జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండవచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే రాసి తెలియజెయ్, జవాబు దాచుకో. యాక్సిడెంట్ అయిన రోజు సర్వేయర్ కింద వంగి చూసేది కూడా నేను చూసే చోటే. వారంటీ ఇంకా మిగిలి ఉంటే డీలర్‌ని రాతపూర్వకంగా అడుగు, నోటి మాట పనికిరాదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఈ వారం టైర్లలో గాలి సరిగ్గా పెట్టించి, డీజిల్ సగం ట్యాంకు ఉంచి, చదునైన సిమెంటు నేల మీద బండి ఆపు. జాకీ మీద నుంచి దించిన వెంటనే కొలవకు, పది మీటర్లు నడిపి ఆపి కొలువు. ప్రతి చక్రానికీ హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నిలువుగా కొలిచి మిల్లీమీటర్లలో రాసుకో. నేల నుంచి కొలవద్దు, టైరు గాలి లెక్కలో కలిసిపోతుంది. అది ఖాళీ బండి కొలత. గూడూరులో కాయ ఎక్కించాక మళ్లీ అవే నాలుగు కొలతలు తీసుకో.

ముందు ఎడమకీ కుడికీ పది మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే నీ ముందు స్ప్రింగులు అలిసిపోయాయి. అప్పుడు కొత్త స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు వేస్తే నీకు వంగినట్టు కనిపిస్తున్నది సగం అక్కడే పోతుంది. బరువు వేశాక కూడా వెనక ఎత్తుగానే ఉంటే కమాన్లు బాగున్నాయి, వెనక ముట్టుకోకు. ముందు మాత్రం కొంచెం ఎక్కువ రేటింగున్న స్ప్రింగులతో పాతిక ముప్ఫై మిల్లీమీటర్లు లేపుకోవచ్చు, స్పేసర్ లేకుండానే, పూర్తి సెట్టు ధర పెట్టకుండానే. బరువు వేశాక వెనక ముందుకన్నా కిందికి దిగుతుంటే అప్పుడే ఫుల్ సెట్టు మాట్లాడదాం, వెనక మధ్యస్థం రేటింగు కమాన్లతో.

ఆ ఎనిమిది అంకెలు, ఆర్‌సీలోని బరువు, క్యానపీ ఏ మెటీరియలో రాసి పంపు. ఏ స్ప్రింగు వేయాలో అప్పుడు చెప్తాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.